మా తాత నడక, మా నాన్న బరువు

మొన్న పండక్కి గజపతినగరం వెళ్ళినప్పుడు మా నాన్నగారు ఇక నడక మానేస్తానని ప్రకటించారు. ఆయన రిటైరైన మాస్టారు. ఏం చెప్పినా క్లాసులో చెప్పినట్టే, కారణాలతో సహా చెప్తారు.

"ఏటిరా ఇది? నాలుగు నెలల్నించి తెల్లారగట్ల లేచి స్టేషన్ రోడ్డంతా తిరుగుతున్నాను. డెబ్భై నాలుగు కిలోలున్నవాణ్ణి డెబ్భై మూడయ్యాను. ఈ మాత్రానికి నాలుగు వేలు పోసి బూట్లు కొన్నావా? మీ తాత బూట్లు లేకుండానే నడిచాడు, చివరిదాకా రెల్లుపుల్లలాగే ఉన్నాడు. ఆ కాలం తిండి వేరు, ఆ నడక వేరు. మన వల్ల కాదు."

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఎందుకంటే ఆ నడక పురాణం పెట్టింది నేనే. గత ఏడాది ఆయనకి సుగర్ రాబోయే దశలో ఉందని రిపోర్టొచ్చింది. డాక్టరు నడవమంటే, "నడిస్తే బరువు అదే తగ్గుతుంది నాన్నా" అని ఓ ఉచిత సలహా పారేశాను. ఇప్పుడు బరువు తగ్గలేదు కాబట్టి నడక దండగ అని ఆయన తేల్చేశారు. లాజిక్ తప్పు పట్టడానికేం లేదు, నేనిచ్చిన ఇన్‌పుట్టే తప్పు :). బెంగుళూరు తిరిగొచ్చాక నాలుగైదు వారాంతాలు కూర్చుని అసలీ నడకకీ ఒంటికీ ఉన్న సంబంధాన్ని ఎవరు, ఎప్పుడు, ఎలా కనిపెట్టారో చదివాను. అందులో మా ప్రాంతం చరిత్ర కూడా కొంత కలిసొచ్చింది.

ముందు మా తాత సంగతి. మా ఊరు తెలియనివాళ్ళ కోసం: విజయనగరం నుంచి సాలూరు మీదుగా రాయపూర్ వెళ్ళే రోడ్డు మీద, విజయనగరానికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. ఒకప్పుడు 43వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 26. ఈ దారిన కోస్తా ఉప్పు కొండల మీదికీ, కొండ సరుకు కిందికీ ఎద్దుల మీద, బళ్ళ మీద నడిచేది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా రైలు 1908-09 ప్రాంతంలో వచ్చింది. బొబ్బిలి నుంచి సాలూరుకి బ్రాంచి లైను 1913లో వేశారు. రాయపూర్ దాకా కలిసేసరికి 1930లు వచ్చేశాయి. అయితే రైలొచ్చినంత మాత్రాన జనం నడక మానలేదు. టికెట్టుకి డబ్బులుండాలి కదా! సంతకి నడక, పొలానికి నడక, పెళ్ళికి నడక. మా తాత విజయనగరానికి పొద్దున్న వెళ్ళి మర్నాటికల్లా నడిచొచ్చేసేవాడని మా మామ్మ ఇప్పటికీ చెప్తుంది. కూడా మూటలో చోడి అంబలి తప్ప ఇంకేమీ ఉండేది కాదని కూడా ఆవిడే చెప్తుంది. మనం మొదటి వాక్యం గుర్తుపెట్టుకుని రెండోది మర్చిపోతాం.

ఈ రెండో వాక్యం ఎంత ముఖ్యమో తెలియాలంటే రంగం కథ చెప్పుకోవాలి. శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత కుటుంబాల్లో "రంగం వెళ్ళినవాడు" ఒక్కడైనా ఉంటాడు. రంగం అంటే రంగూన్. పనికోసం ఓడెక్కి బర్మా పోయేవారు. 1941 డిసెంబరు 23న జపాన్ రంగూన్ మీద బాంబులేసింది, 1942 మార్చికి నగరం పడిపోయింది. ఓడలో చోటు దొరికినవాళ్ళు దొరకబుచ్చుకున్నారు. మిగతావాళ్ళు నడిచారు. ఆరకాన్ తీరం వెంట కొందరు, మణిపూర్ కొండల మీదుగా కొందరు. బర్మా వదిలొచ్చిన భారతీయులు సుమారు 5 లక్షల మందని అంచనా. వాళ్ళలో వేలకొద్దీ జనం ఆకలితో, మలేరియాతో, కలరాతో దారిలోనే పోయారు. మా తాత పెదనాన్న ఒకాయన అలా నడిచి ఇల్లు చేరాడట. గుమ్మంలో నిలబడితే ఆయన తల్లే గుర్తుపట్టలేదట. నడక వల్ల సన్నబడ్డమంటే అదీ!

అలా సన్నబడినప్పుడు ఒంట్లోంచి పోయేదేమిటి? కొవ్వొక్కటేనా? దీన్ని పనిగట్టుకుని కొలిచిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే ఆయన 1944-45లో 36 మంది యువకుల మీద చేశాడు. యుద్ధంలో తుపాకి పట్టమని భీష్మించుకున్నవాళ్ళు వాళ్ళు, తమంతట తామే ఒప్పుకుని వచ్చారు. 24 వారాల పాటు రోజుకి దాదాపు 1,570 కేలరీల తిండి పెట్టి, వారానికి 22 మైళ్ళు, అంటే 35 కిలోమీటర్లు నడిపించారు. చివరికి ఒంటి బరువులో నాలుగో వంతు పోయింది. కొవ్వుతో పాటు కండా కరిగింది, బలం పోయింది, మెట్లెక్కడమే కష్టమయింది. తిరిగి తిండి పెట్టాక కొవ్వు ముందు తిరిగొచ్చింది, కండ తర్వాత మెల్లగా వచ్చింది.

ఇది చదివాక మా తాత ఫొటో మళ్ళీ తీసి చూశాను. చిన్నప్పట్నుంచీ "ఎంత ఫిట్‌గా ఉన్నాడో" అనుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే ఆ బుగ్గలు లోపలికి పోయి ఉండటం కనిపించింది. ఆయన కాళ్ళు గట్టివే, సందేహం లేదు. కానీ ఆ సన్నదనంలో నడక వాటా ఎంతో, సరిపడా తిండి లేకపోవడం వాటా ఎంతో మనం విడదీయలేం. కాబట్టి "పాతకాలం వాళ్ళు నడిచేవారు, అందుకే ఆరోగ్యంగా ఉండేవారు" అన్నది సగం నిజం మాత్రమే. వాళ్ళలో చాలామంది మనకి కథలు చెప్పేంత కాలం బతకనే లేదు.

అలాగని నడకలో ఏమీ లేదా? ఉంది. అది బయటపడింది మాత్రం డబుల్ డెక్కర్ బస్సులో.

లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టరు బస్సు సిబ్బంది గుండెజబ్బుల లెక్కలు తీశాడు. 1953లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సు, ఒకే జీతాల తరగతి, దాదాపు ఒకేలాంటి బతుకు. తేడా ఒక్కటే. డ్రైవరు షిఫ్టంతా కూర్చుంటాడు, కండక్టరు రోజుకి 500 నుంచి 750 మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెపోటు కండక్టర్లకి బాగా తక్కువ, వచ్చినా ప్రాణం మీదికి రావడం ఇంకా తక్కువ. ఇలాగే తిరిగి ఉత్తరాలు పంచే పోస్ట్‌మాన్లకీ కుర్చీలో కూర్చునే గుమాస్తాలకీ మధ్య కూడా తేడా కనపడింది.

నాకు బాగా నచ్చింది దీని తర్వాత జరిగింది. "డ్రైవర్లు లావుగా ఉంటారు, అందుకే జబ్బులు, ఇందులో మెట్ల గొప్పేముంది?" అని ఎవరైనా అడగొచ్చు కదా. మోరిస్ బృందం బస్సు కంపెనీ కుట్టించిచ్చే యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు తెప్పించుకుని 1956లో ఇంకో పేపరు రాసింది. డ్రైవర్ల నడుములు నిజంగానే పెద్దవి. పైగా చాలామంది ఉద్యోగంలో చేరినప్పుడే కాస్త లావు. కానీ ఒకే నడుం కొలత ఉన్నవాళ్ళని పక్కపక్కన పెట్టి చూసినా కండక్టర్లే నయం. సన్న కండక్టరు సన్న డ్రైవరుకంటే, బొజ్జ కండక్టరు బొజ్జ డ్రైవరుకంటే మెరుగు. అంటే కదలిక ఇచ్చే లాభం నడుం తగ్గడం ద్వారా మాత్రమే రావడం లేదు, వేరే దారిలో కూడా వస్తోంది. మా నాన్నగారి ప్రశ్నకి సగం జవాబు 1956లోనే ఉందన్నమాట! మోరిస్ మాత్రం తను చెప్పింది తను పాటించి 99 ఏళ్ళు బతికి 2009లో పోయాడు.

అదే 1956లో మనకింకా దగ్గర్లో ఇంకొకటి జరిగింది. జాన్ మేయర్ అనే హార్వర్డ్ ఆచార్యుడు, పూర్ణిమా రాయ్, కామాఖ్య ప్రసాద్ మిత్రాలతో కలిసి కలకత్తా దగ్గరి ఓ జనపనార మిల్లులో 213 మంది తిండీ బరువూ లెక్కగట్టాడు. కలకత్తా జూటు మిల్లులంటే మా వైపు వాళ్ళకి పరాయివి కావు. పాత గంజాం, విశాఖ జిల్లాల నుంచి బోలెడు మంది అక్కడికి పనికి పోయారు. మా దగ్గర నెల్లిమర్లలోనూ జూటు మిల్లుంది, గోగునార మా రైతులకి తెలిసిన పంటే. ఆ మిల్లులో బరువులు మోసేవాళ్ళు, మగ్గం నడిపేవాళ్ళు, గుమాస్తాలు, సూపర్వైజర్లు, మిల్లు ఆవరణలో కొట్టు పెట్టుకుని రోజంతా కూర్చునేవాళ్ళు, అందరూ ఉన్నారు. కష్టం పెరిగినకొద్దీ తిండి పెరిగింది, బరువు మాత్రం అదుపులోనే ఉంది. ఇందులో వింతేం లేదు. వింతేమిటంటే, బొత్తిగా కదలనివాళ్ళు కొద్దిగా కదిలేవాళ్ళకంటే తక్కువ తినలేదు, ఎక్కువే తిన్నారు. అందరికంటే బరువు వాళ్ళదే. ఒంట్లో ఆకలిని కొలిచే త్రాసు ఏదో ఉందనుకుంటే, అది పనిచెయ్యాలంటే మనిషి కనీసం కొంత కదలాలి, పూర్తిగా కూర్చుంటే అది తప్పు తూకం చూపిస్తుందని మేయర్ వాదన. రాత్రి పదింటికి కోడ్ రాస్తూ చిప్స్ పాకెట్టు ఖాళీ చేసే నాబోటివాడికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

సరే, ఇప్పుడు లెక్కలోకి వద్దాం, ఇంజినీరింగ్ చదివిన పాపానికి. 73 కిలోల మనిషి 4 కిలోమీటర్లు నడిస్తే, ఊరికే కూర్చున్నప్పటికంటే అదనంగా ఖర్చయ్యేది సుమారు 150 కేలరీలు. కిలో కొవ్వులో 7,700 దాకా ఉంటాయి. భాగారం చేస్తే 50 రోజులకి ఒక కిలో, ఏడాదికి ఏడు. కాగితం మీద బావుంది. కానీ నడిచొచ్చి ఓ ప్లేటు పునుగులు తింటే ఆ 150 తిరిగి జమ అయిపోతుంది. తినకపోయినా శరీరం వేరేచోట పొదుపు చేసుకుంటుంది. టాంజానియాలో హడ్జా అని వేటాడి బతికే జాతి ఉంది. మగవాళ్ళు రోజుకి 11 కిలోమీటర్ల దాకా నడుస్తారు. వాళ్ళ మొత్తం రోజువారీ ఖర్చు, ఒంటి పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, ఆఫీసుల్లో కూర్చునే పాశ్చాత్యుల కంటే పెద్ద ఎక్కువేం కాదని 2012లో పాంట్జర్ బృందం చూపించింది. అడుగులు లెక్కపెట్టే యంత్రం కట్టి నడిపించిన తొమ్మిది పరిశోధనల్ని కలిపి 2008లో చూస్తే, నాలుగు నెలలకి అటూఇటూగా తగ్గిన సగటు బరువు 1.27 కిలోలు. మా నాన్నగారు నాలుగు నెలల్లో కిలో తగ్గారు. అంటే ఆయన ఫెయిలవలేదు, పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే పాసయ్యారు!

మరి బరువు చెప్పని సంగతులేమిటి? ఇక్కడ నా కథ కూడా వస్తుంది. కిందటేడు మా ఆఫీసులో హెల్త్ చెకప్ పెట్టారు. నా బీఎంఐ 22.8, భేషుగ్గా ఉంది. మిషను మీద నిలబెడితే కొవ్వు 27 శాతం అంది. ఆ మిషన్లు అంత కచ్చితం కావనుకోండి, అయినా బెంగ పట్టుకుంది. దీనికి 2004లో లాన్సెట్‌లో వచ్చిన ఓ ఫొటో ప్రసిద్ధం. పూణే డాక్టరు యాజ్ఞిక్, లండన్ డాక్టరు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. యుడ్కిన్ మారథాన్లు పరుగెత్తుతాడనీ, యాజ్ఞిక్ వ్యాయామం పొద్దున్నే ఆస్పత్రి లిఫ్టు తలుపులు మూసుకునేలోపు దూరడమేననీ వాళ్ళే చమత్కరించారు. అయితే సంగతంతా పరుగులోనే లేదు, తల్లికడుపులో ఉండగా సరైన పోషణ అందకపోవడం కూడా కారణం కావచ్చని సూచించారు. సన్నటి చేతులు, సన్నటి కాళ్ళు, మధ్యలో బొజ్జ. మన పెళ్ళి ఆల్బమ్స్ తిరగేస్తే సాక్ష్యం దొరుకుతుంది. అంబలితో పెరిగిన తరానికి పుట్టిన పిల్లలు, వాళ్ళ పిల్లలు మనం. తాత ఆకలి మన నడుం చుట్టూ ఇంకా ఉందేమో అనిపించింది నాకు.

పల్లె వదిలితే ఏమవుతుందో కూడా కొలిచారు. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగుళూరు ఫ్యాక్టరీల్లో పనికొచ్చిన పల్లెటూరి మనుషుల్ని, ఊళ్ళోనే ఉండిపోయిన వాళ్ళ తోబుట్టువులతో పోల్చారు. 2010లో అచ్చయిన లెక్కల ప్రకారం మగవాళ్ళలో ఊబకాయం ఊళ్ళో 19 శాతం, వలసొచ్చినవాళ్ళలో 37.8, పట్నంలో పుట్టినవాళ్ళలో 41.9. ఒకే తల్లి పిల్లలు!

ఇప్పుడు అసలు జవాబు. అది చెన్నైలో దొరికింది. డాక్టర్ రామచంద్రన్ బృందం సుగర్ అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళ పాటు గమనించింది. కొందరికి మామూలు సలహా. కొందరికి తిండిలో మార్పులు, రోజూ అరగంట చురుకైన నడక. 2006లో ఫలితాలొచ్చాయి. తిండి, నడక మార్చుకున్నవాళ్ళకి సుగర్ వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ళ బరువు? చెప్పుకోదగ్గంత మారలేదు! ఇది చదివినప్పుడు నేను నిజంగానే కుర్చీలోంచి లేచాను. మా నాన్నగారి కేసు అచ్చం ఇదే.

లోపల జరిగేది స్థూలంగా ఇదీ. నడిచేటప్పుడు తొడ, పిక్కల కండరాలు రక్తంలోని చక్కెరని ఇన్సులిన్ కోసం పెద్దగా ఎదురుచూడకుండానే లాక్కుంటాయి. ఆ తర్వాత కూడా కొన్ని గంటలు ఇన్సులిన్ మాట బాగా వింటాయి. అందుకే భోజనం తర్వాత పావుగంట నడక ప్రత్యేకంగా పనికొస్తుంది. పొట్ట లోపలి కొవ్వు త్రాసు మీద పెద్దగా కనపడకుండా కొంత తగ్గుతుంది. గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం తోస్తుంది. ఇవేవీ బాత్రూంలోని వెయింగ్ మిషనుకి తెలియవు.

10,000 అడుగుల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మా నాన్నగారు ఫోన్లో 9,200 చూసి నిద్రపోరు. అది ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపులో 1965లో ఓ జపాన్ కంపెనీ అమ్మిన యంత్రం పేరు "మాన్‌పో-కే", అంటే పదివేల అడుగుల మీటరు. అంకె గుండ్రంగా ఉంది, నిలబడిపోయింది. 2025లో లాన్సెట్ వాళ్ళ ప్రజారోగ్య పత్రికలో వచ్చిన సమీక్ష ప్రకారం 2,000 అడుగులేసేవాళ్ళతో పోలిస్తే 7,000 వేసేవాళ్ళలో మరణాలు 47 శాతం తక్కువ. ఆపైన లాభం ఉంది గానీ వేగం తగ్గుతుంది. నిమిషానికి 100 అడుగులు, పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంతే కొలమానం.

నడకకి హద్దులూ ఉన్నాయి. వయసుతో పోయే కండని నడకొక్కటే ఆపలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వారానికి 150 నుంచి 300 నిమిషాల కదలికతో పాటు రెండు రోజులు కండకి పని చెప్పమంది. ఈ మాట మా విజయనగరం వాళ్ళకి కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన కోడి రామ్మూర్తి నాయుడు గారు సర్కసులో పేరు తెచ్చుకోకముందు అక్కడ వ్యాయామ ఉపాధ్యాయుడే. కండ గురించి గురజాడ వారు చెప్పింది కూడా మనందరికీ నోటికొచ్చు. నోటికే వచ్చు, అదీ చిక్కు.

చివరగా ఒక అవమానం చెప్పుకోవాలి. ఇవన్నీ చదివిన ఉత్సాహంతో ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేశాను. తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. హనుమంతవాక దాకా హుషారు. అప్పుఘర్ దగ్గర సముద్రం చూసేసరికి మడమల్లో బొబ్బలు. ఎన్.ఏ.డి. దగ్గర రోడ్డు పక్క అరుగు మీద కూలబడ్డాను. అప్పుడు ఒక ముసలావిడ, మా మామ్మ ఈడుంటుంది, చెప్పుల్లేకుండా, నెత్తిన సంచితో నా ముందునించి వెళ్తూ ఆగి, "నెగు బావూ, కూకుంటే కాళ్ళు పట్టీస్తాయి, నడిస్తే పోతాది" అంది. ఆవిడ బరువు ఎంతో, కొవ్వు శాతమెంతో నాకు తెలీదు. అయినా ఆ రాత్రి మా ఇద్దరిలో ఫిట్ ఎవరో చెప్పడానికి ఏ మిషనూ అక్కర్లేకపోయింది.

మర్నాడు అక్కణ్ణుంచే గజపతినగరం వెళ్ళి నాన్నగారికి మొత్తం కథ చెప్పాను. బస్సు కండక్టర్ల ప్యాంట్లు, చెన్నై లెక్కలు, అన్నీ. ఆయన శ్రద్ధగా విని, లోపలికెళ్ళి బెల్టు తెచ్చి చూపించారు. పాత చిల్లు వదిలేసి లోపలి చిల్లుకి వచ్చారు. "ఇది చెప్పాలని నాకు తోచలేదురా" అన్నారు. తర్వాత చేయించిన పరీక్షలో మూడు నెలల సుగర్ 6.3 నుంచి 5.9కి వచ్చింది. రాత్రి అన్నం తగ్గించి రొట్టె తింటున్నారు కూడా, కాబట్టి ఘనతంతా నడకదే అనను.

మొత్తానికి నడక మానలేదు. కాకపోతే ఇప్పుడు వెయింగ్ మిషను అటక మీదుంది, టేపు గుమ్మానికి వేలాడుతోంది. ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా ఆయన నన్నడిగే మొదటి ప్రశ్న, "నువ్వెంత నడిచావు?"

దానికి మాత్రం నా దగ్గర ఇంకా సరైన సమాధానం లేదు :)